జమ్లి చిన్నమ్మ గొంతు

మా తండాలో ఏ పిల్ల పెళ్లయినా జమ్లి చిన్నమ్మ ఉండాల్సిందే. అత్తారింటికి కదిలే ముందు పెళ్లికూతురు అయినవాళ్ల మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే ఢావ్లో పాట నేర్పేది ఆమే. పిల్ల ఒక మాట పాడితే తల్లి బదులు పాడాలి. ఊరికే ఏడిస్తే సరిపోదు. "పీనుగ కాడ ఏడ్సినట్టు ఏడుస్తవేందే?" అని పెళ్లికూతుళ్లనే కసిరేది.

2004లో ఆమె కనురెప్పలు వాలడం మొదలైంది. సాయంత్రమయ్యేసరికి మాట ముక్కులోంచి వచ్చేది, ముద్ద మింగుడుపడేది కాదు. ఇప్పసారా ఎక్కువైందని జనం నవ్వారు. చుక్క ముట్టని మనిషి! ఆ నవ్విన మొహాలు కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తండాలో పదో తరగతి దాటింది నేనొక్కడినే కాబట్టి జూలూరుపాడులో బస్సెక్కించి ఖమ్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాలకూ కండరాలకూ నడుమ అడ్డం పడుతోందట.

"వేళకు గోళీలు వేసుకుంటే చానా ఏండ్లు బతుకుతది. కానీ జబ్బు పూర్తిగా పోదు. పొద్దున ఉన్న సత్తువ సాయంత్రానికి ఉండదు. ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాడు.

బయట బెంచీ మీద చిన్నమ్మ ఒక్కటే అడిగింది. "మూడు నెలల్ల మా పుష్ప పెండ్లి. అప్పటికి గొంతు వస్తదా?"

పుష్ప ఆమెకు ఒక్కగానొక్క కూతురు.

"గోళీలు మింగు చిన్నమ్మా, మునుపటి లెక్కనే అయితవ్" అన్నాను. ఆ మొహం చూస్తూ నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గోళీలతో కొంచెం తేరుకుంది. నా మాటే నిజమనుకుంది. పెళ్లిలో రెండు రోజులు కుదురుగా కూర్చోలేదు. పిల్లను పొద్దుగూకే వేళ సాగనంపారు. పుష్ప తల్లి మెడ పట్టుకుని ఢావ్లో ఎత్తుకుంది. చిన్నమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి గానీ మొహం కదల్లేదు.

"బదులు పాడని తల్లి ఏం తల్లి?" అని మగపెళ్లివారి ఆడవాళ్లు గుసగుసలాడారు. పుష్ప కాసేపు చూసింది. తర్వాత తల్లి పాడాల్సిన మాటలు కూడా తనే పాడుకుని ట్రాక్టరు ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, డాక్టరు మాటలన్నీ చెప్పి చిన్నమ్మ కాళ్ల మీద పడ్డాను. ఆ వేళకు ఆమె గొంతు ఖంగుమంటోంది.

"ముందే చెప్తే, పొద్దుగాలనే సాగనంపేటోళ్లం గదరా కోటేశూ" అంది.