బో మడతలో సూది

ఆవిడ ఏళ్ల తరబడి బట్టలు కుట్టింది. వీధిలో అందరికీ టైలరక్క. జనం రెడీమేడ్ దుస్తులకి అలవాటు పడ్డాక కుట్టుపని పలచబడింది. కేకుల దుకాణం నడిపే వదిన, "ఊరికే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోకు, నా దగ్గరికి వచ్చెయ్" అంది.

క్రీముతో పువ్వులు వెయ్యడం టైలరక్కకి అబ్బలేదు. గులాబీ వెయ్యబోతే క్యాబేజీ వచ్చేది. శాటిన్ రిబ్బను చేతికిస్తే మాత్రం వేరే మనిషి. కేకు చుట్టూ ముడత పడకుండా చుట్టి, ముందువైపు కుచ్చు తీసి పువ్వులాంటి బో ముడి పెట్టిందంటే, కొనేవాళ్లు కేకు సంగతే మర్చిపోయేవాళ్లు.

ఒక ముసలి దంపతుల పెళ్లిరోజుకి పెద్ద కేకు కావాలన్నారు. క్రీము మీద రిబ్బను జారుతుంటే, టైలరక్క పాత అలవాటుకొద్దీ ముంజేతికి కట్టుకునే సూదుల పట్టీలోంచి గుండుసూదులు తీసి గుచ్చింది. బో కుదిరాక సూదులు లాగేసింది. కేకు బండెక్కి వెళ్లిపోయింది. బల్ల తుడుస్తుంటే పట్టీ మీద చూపు పడింది. సూదుల వరసలో ఒకచోట ఖాళీ.

"వదినా, ఒక సూది లేదు."

బల్ల కింద వెతికారు, చెత్తబుట్ట బోర్లించారు. లేదు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. వదిన దుకాణం తలుపు దగ్గరగా వేసి స్కూటరు తీసింది. "ఎక్కు. పోతే బేరం పోతుంది, మనిషి పోకూడదు."

వీళ్లు వెళ్లేసరికి హాల్లో చప్పట్లు కొడుతున్నారు. ముసలాయన కత్తి ఎత్తాడు.

"ఆగండి, కొయ్యకండి!" టైలరక్క కేక వేసింది. అందరూ తిరిగి చూశారు. "అందులో సూది ఉండిపోయిందేమో. గుచ్చింది నేనే."

ముసలావిడ ఆమె మొహం చూసింది. "కేకు ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు ఈ పిల్లకి కుర్చీ వెయ్యండర్రా."

టైలరక్క కూర్చోలేదు. బో ఊడదీసి, ఒక్కో మడతా విప్పింది. లోపలి మడతలో సూది తళుక్కుమంది. క్రీముని తాకనైనా లేదు. దాన్ని పట్టీలో గుచ్చితే వరస నిండింది. అప్పుడు కూలబడింది కుర్చీలో.

"ఇన్నేళ్లుగా ఈవిడ మాటలే గుచ్చుకుంటున్నాయి, ఇదో లెక్కా!" అన్నాడు ముసలాయన.

"కబుర్లు చాలు, కొయ్యండి" అంది ముసలావిడ. హాలంతా గొల్లున నవ్వింది. మొదటి ముక్క టైలరక్క చేతిలోనే పెట్టారు.

తిరిగొస్తుంటే వెనక సీటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏడుస్తున్నావా?"

"లేదు వదినా. ఇప్పుడే ఊపిరాడుతోంది."

ఆ రోజు విప్పిన రిబ్బనుకి లోపలివైపంతా వెన్న మరకలే. అందుకని ఇప్పుడు రిబ్బను వెనక, లైనింగు వేసినట్టు, బటర్ పేపరు అతికిస్తుంది. కొసలు సూదులతో కాక టేపుతో కలుపుతుంది. కేకు బండెక్కే ముందు చుట్టూ ఓసారి వేలితో తడిమి, "ఇక తీసుకెళ్లండి" అంటుంది.