రాలని గింజ

యాకుత్‌పురా స్టేషన్లో లోకల్ రైలు ఆలస్యమైంది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముసలమ్మ, ఒళ్లో గుడ్డ పరిచి జొన్న కంకుల్ని ఒక్కొక్కటే విదిలిస్తోంది. రాలిన గింజలు పావురాలకు. గింజ రాలని కంకులు మాత్రం విత్తనానికని మూట కడుతోంది.

పంటల జన్యువుల మీద పనిచేసేవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"అమ్మా, అడవి జొన్నకు పండగానే గింజ రాలిపోయేది. వేల ఏళ్ల కిందట జన్యువులో చిన్న మార్పొచ్చి, కొన్ని కంకులకు గింజ నిలిచింది. కోసేవాళ్ల చేతికి అవే ఎక్కువ దొరికాయి. వాటినే మళ్లీ చల్లారు. అలా వచ్చిందే మన జొన్న."

"గట్లనా బిడ్డా! మరి రాలకుంటె తనంతట తాను ఎట్ల మొలుస్తది?"

"కష్టమేనమ్మా. ఎవరో ఒకరు నూర్చి చల్లాల్సిందే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒళ్లోని కంకిని మెల్లగా నిమిరింది.

"అయ్యో, మనల్ని నమ్ముకొని రాలుడే మర్సిపోయిందా నా తల్లి!"

రైలొచ్చింది. లేస్తూ ఒక కంకి నా చేతిలో పెట్టింది.

"బీరువల దాయకు బిడ్డా, చల్లు."

ఏటా తొలకరికి డాబా మీద కుండీల్లో ఆ జొన్న చల్లుతున్నాను. ఒక ఏడాది జ్వరంతో లేవలేకపోతే, మా ఆవిడ చేత చల్లించాను.