ఆపని స్కూటరు

మూసాపేట బంకులో లీదియా చీర కుచ్చిళ్ల మీద పెట్రోలు చిందింది. గడగడలాడే స్కూటరులో పోస్తే చిందడం సహజమే. పొద్దున ఇంటి ముందు మొదలైన ఆ ఇంజను హైటెక్ సిటీలో ఆఫీసు చేరేదాకా ఆగకూడదు. గాలిలో దీపం మోసుకెళ్లే మనిషిలా, సిగ్నలు దగ్గర కూడా ఆమె యాక్సిలరేటరు వదలదు. కిక్కు ఆమె కాలికి లొంగదు మరి. తనంతట తానే బండి నేర్చుకున్నానని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాక, ఆ సంగతి ఎవరితోనూ అనలేకపోయింది. ఇప్పుడు ఆ ఆఫీసువాళ్లే ఇద్దరు వరుసలో వెనకే ఉన్నారు.

బంకు మనిషి పైపు వెనక్కి లాగాడు. “ఎప్పుడొచ్చినా గిదే లొల్లి. బండి బంద్ జెయ్యమంటే ఇనరేంది మేడమ్? అంటుకుంటే ఎవరు జిమ్మేదార్?”

లీదియా వెనక్కి ఒకసారి చూసి, పైట సర్దుకుని, అందరికీ వినపడేలానే చెప్పింది.

“ఆపడం నాకొచ్చండీ, స్టార్ట్ చేసే ఆయనే ఇంట్లో ఉన్నారు.”