కొసరు కాపలా

పెద్దసుబ్బయ్యది రాయచోటి బజారులో స్టీలు సామాన్ల అంగడి. కులంలో ఎవరింట పెండ్లీడు పిల్ల ఉన్నా ఫోటో తెచ్చి ఆయన చేతిలోనే పెట్టేవారు. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో దాచి రెండు తాళాలు వేసేవాడు. అడిగిన ప్రతివాడికీ చూపేవాడు కాదు. మనిషికి ఆ నమ్మకమే పెద్ద ఆస్తి.

రెండువేల ఏడులో కులసంఘంవాళ్లు సంబంధాల కోసం వెబ్‌సైట్ పెట్టాలనుకుని, ఆ పనీ ఆయనకే అప్పజెప్పారు. కడప నుంచి సైట్లు తయారుచేసే కిరణ్‌కుమార్ వచ్చాడు. సైటుకు ఒక ధర చెప్పి, దొంగలు చొరబడకుండా కాపాడాలంటే ఏటేటా వేరే కట్టాలన్నాడు.

"ఆడ ఏమన్నా బంగారుండాదాప్పా, ఎవడన్నా ఎత్తుకపోవడానికి? ఆ కాపలా ఏదో కొసరుగా ఎయ్యి" అన్నాడు పెద్దసుబ్బయ్య.

"కొసరుగా ఏస్తే పేరుకే ఉంటాది పెదనాయనా."

"పేరుకుంటే సాలు."

అంతటితో ఊరుకున్నాడా? తన బేరం సంగతి సంఘం మీటింగులో మీసం దువ్వి మరీ చెప్పుకున్నాడు. కొసరంటే ఏమిటో ఆయనకు తెలియదా! బిందె కొన్నవాళ్లకు ఆయన కొసరుగా ఇచ్చేవి సొట్టపోయిన గరిటెలే. వాటికోసం గల్లాపెట్టె కింద ఒక డబ్బా ప్రత్యేకంగా ఉండేది.

బీరువాలోని ఫోటోల నకళ్లు సైటుకెక్కాయి. శ్రావణం రాకముందే ఎవడో సైటులో దూరి, ఆడపిల్లల ఫోటోల కింద బూతులు రాసిపెట్టాడు. నాగరత్నమ్మ కూతురు శ్రీవాసవిని చూసుకోవడానికి రావాల్సిన ప్రొద్దుటూరువాళ్లు అది చూసి, రాలేమని కబురు పెట్టారు. కిరణ్‌కుమార్ సైటు మూసేశాడు గానీ చూసినవాళ్లు చూడనే చూశారు. పెద్దసుబ్బయ్య సిగ్గుతో చితికిపోయాడు. సంఘం వైపు పోవడమే మానుకున్నాడు.

ఒకరోజు నాగరత్నమ్మ అంగడికొచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నా బిడ్డ ఫోటో ఇచ్చెయ్యన్నా" అంది.

ఆయన బీరువా తాళాలు రెండూ తీసి, గుడ్డ విప్పి, ఫోటో ఇచ్చాడు. దాని మీద నలుసంత మరక లేదు.

"ఎంతైనా కట్టి ఇప్పుడు గట్టి కాపలా పెట్టిస్తా తల్లీ."

ఆమె ఫోటోను కొంగులో చుట్టుకుంది.

"కాగితానికి రెండు తాళాలేసినావు. నా బిడ్డను కొసరులో ఏసినావు గదన్నా."

ఆయన తలెత్తేలోగా ఆమె వెళ్లిపోయింది. పక్కనే బిందె బేరం చేస్తున్న ఒకామె దుడ్లిస్తూ, "కొసరేం లేదా?" అని అడిగింది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి గల్లాపెట్టె కిందికి పోయింది. డబ్బా వేళ్లకు తగిలేసరికి, కొనడానికొచ్చినామె ముందే ఆయనకు ఏడుపొచ్చింది.