అచ్చుకెక్కని ఫలితం

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. శంషాబాద్‌లో హైవే పక్కన, టైర్ల షాపు పైన మా ఆఫీసు ఉండేది. వైద్య పరిశోధనల మీద పరిశోధన చేసే చిన్న సంస్థ అది. విమానం దిగుతున్న చప్పుడుకు ఫోన్లో మాట్లాడేవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవాళ్లు. నేను కందుకూరు నుంచి బయలుదేరి, తుక్కుగూడలో బస్సు మారి వచ్చేదాన్ని.

నా ఉద్యోగం పేరు ఇన్ఫర్మేషన్ స్పెషలిస్ట్. చర్చిలో ఎవరైనా అడిగితే మా అమ్మ "మా సుజాత డాక్టర్ల లైబ్రరీల చేస్తది" అని చెప్పేది. అది దాదాపు నిజమే. ఒక మందు గురించి ఎక్కడెక్కడ ఏ అధ్యయనం జరిగిందో వెతికి, ఒక్కటీ జారిపోకుండా పోగు చేయడం నా పని. ఆ పోగు మీద డాక్టర్లు, గణాంక నిపుణులు కూర్చుని మందు పనిచేస్తుందో లేదో తేలుస్తారు. పోగులోనే లోపం ఉంటే ఎంత తెలివైనవాళ్లు కూర్చున్నా తప్పే తేలుతుంది.

ఆ ఏడు మాకు వచ్చిన ప్రాజెక్టు సరిగ్గా ఆ లోపం మీదే. దాన్ని పబ్లికేషన్ బయాస్ అంటారు. మందు పనిచేసిందని తేలిన అధ్యయనాలు పత్రికల్లో అచ్చవుతాయి. పనిచేయలేదని తేలినవి చాలాసార్లు అల్మారాల్లో ఉండిపోతాయి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు కాలేజీలు కట్టే ఫ్లెక్సీలు చూస్తాం కదా, వాటిలో ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలే ఉంటాయి. ఫెయిలైన పిల్లల ఫొటో ఏ కాలేజీ వేయదు. ఆ ఫ్లెక్సీ ఒక్కటే చూసి పిల్లవాడిని చేర్పించిన తండ్రి ఎలా మోసపోతాడో, అచ్చయిన అధ్యయనాలే చదివిన డాక్టరు కూడా అలాగే మోసపోతాడు. అందులో ఆయన తప్పేమీ ఉండదు.

ఈ విషయం మీద అప్పటికే చాలామంది పనిచేశారు. వాళ్ల పనినంతా ఒక పటంలా పరచడం మా బాధ్యత. ఆ పటాన్ని ఎవిడెన్స్ మ్యాప్ అంటారు. అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా జబ్బులు రాసి, ఏ గడిలో ఎంత పరిశోధన ఉందో నింపుతూ పోవాలి. నెలల తరబడి నింపాను. అచ్చుకాని అధ్యయనాలు ఎన్ని అని లెక్కించినవి బాగానే దొరికాయి. ఎందుకు అచ్చుకాలేదని పరిశోధకులను అడిగినవి తక్కువ. ఆ పరీక్షల్లో పాల్గొన్న రోగులు ఏమయ్యారన్న గడి మాత్రం నాకు దొరికినంతలో దాదాపు ఖాళీగానే మిగిలింది.

మా బృందానికి పెద్ద, డాక్టర్ వాసంతి గారు. విజయవాడ వైపు మనిషి. స్క్రీన్ మీద ఆ ఖాళీ గడిని కాసేపు చూసి, "సుజాత గారూ, ఇక్కడ సమస్య లేదని కాదండీ. ఎవరూ వెళ్లి అడగలేదని అర్థం," అన్నారు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మన చుట్టుపక్కల జరిగి అచ్చుకాకుండా మిగిలిన పరీక్షలు చేసిన డాక్టర్లను కలిసి మాట్లాడదామని నిర్ణయించారు. మందుల పరీక్ష ఏదైనా మొదలుపెట్టే ముందే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి కాబట్టి వాళ్లెవరో తెలుసుకోవడం కష్టం కాలేదు. జవాబు రాబట్టడమే కష్టమైంది. చాలామంది ఉత్తరానికి ఉలకలేదు. ఇంటికి రమ్మని తానే ఫోన్ చేసింది డాక్టర్ యాదగిరి గారొక్కరే.

ఆయన రిటైరై అత్తాపూర్‌లో ఉంటున్నారు. గుర్తుగా ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెప్పి, నేను ఆటో దిగేసరికి కిందికి వచ్చి నిలబడ్డారు. షుగరు ఉన్నవాళ్లకు అరికాళ్లలో మంటలు వస్తాయి, నిప్పుల మీద నడిచినట్టు ఉంటుందంటారు. ఆ మంటలకు వాడే ఒక మాత్రను ఆయన పరీక్షించారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ప్లాసిబో, అంటే మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. చివర్లో విప్పి చూస్తే రెండు వైపులా మంట ఒకేలా తగ్గింది. అసలు మాత్ర వేసుకున్నవాళ్లకు తలతిరుగుడు మాత్రం ఎక్కువగా ఉంది.

ఎందుకు అచ్చువేయలేదని అడిగాను. ఆయన ఏమీ దాచలేదు.

"ఎవరు ఆపలేదమ్మా. కంపెనీ ఒత్తిడి గిట్ల ఏం లేదు. రెండు పత్రికలు తిప్పి పంపినయి. మూడో దానికి పంపనీకి నాకే మనసు పట్టలే. పనిచేయలేదని రాస్తే ఎవరు చదువుతరు అనుకున్న."

పరీక్షకు వచ్చినవాళ్లకైనా ఫలితం చెప్పారా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"చెప్పలే. చెప్పాల్నన్న ఆలోచనే రాలే."

రోగుల వివరాలు నేను అడగకూడదు. ఆయనే కొందరికి ఫోన్ చేసి, నాతో మాట్లాడటం ఇష్టమేనా అని అడిగారు. సరేనన్నవాళ్లలో మొదటి మనిషి శంషాబాద్ పాత ఊళ్లో ఉండే షహనాజ్ బేగం.

ఆమె దర్జీ పని చేసేది. మసీదు గల్లీలో ఇల్లు. నేను వెళ్లేసరికి మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, ఆమె కుడి మణికట్టుకు కట్టు ఉంది. బాత్రూంలో పడిందట. కోడలు కుర్చీ వేసింది. పరీక్ష మాట ఎత్తగానే షహనాజ్ బేగం మొహం విప్పారింది.

"ఆ గోలీ నాకు మస్తు పనిచేసింది బేటీ. అంతకుముందు కాళ్లు తడిబండ మీద పెట్టుకొని పండేదాన్ని. అది సురూ చేసినంక దుప్పటి కప్పుకొని పండిన."

తర్వాత జరిగింది ఆమె వరసగా చెప్పింది. పరీక్ష అయిపోగానే మాత్రలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు మంట తిరిగొచ్చింది. పరీక్షలో చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్ర పేరు ఉంది. అది పట్టుకుని దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లి, తనకు ఇదే కావాలని అడిగింది. అక్కడి డాక్టరు ఆ మాత్ర గురించి చదివి చూసి, బాగుందనే రాశారని చెప్పి, చీటీ రాసిచ్చాడు. అయితే అది అప్పటిలా పనిచేయలేదు. ఆయన మోతాదు పెంచాడు. పెంచాక తల తిరగడం మొదలైంది. ఆమె ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తాడేమోనని భయం.

ఆమెకు పరీక్షలో అసలు మాత్ర వెళ్లిందో, ఉత్త మాత్ర వెళ్లిందో నాకు తెలియదు. ఏది వెళ్లినా, ఆమె నమ్మకంగా వేసుకుంటున్న ఆ మాత్ర ప్లాసిబో కంటే మెరుగు కాదని ఆ పరీక్షే తేల్చింది. ఆ సంగతి డాక్టర్ యాదగిరి గారికి తెలుసు, ఇప్పుడు నాకు తెలుసు. వేసుకుంటున్న మనిషికి తెలియదు, రాసిచ్చిన డాక్టరుకూ తెలియదు.

ఆమె అడగనే అడిగింది. "ఇంతకు ఏం తేలింది బేటీ ఆ పరీక్షల? డాక్టర్ సాబ్ పెద్ద కితాబుల వేసిండా?"

నేను వైద్యం చేసే మనిషిని కాదు. అయినా ఏమీ తెలియనట్టు ప్రశ్నలు అడుగుతూ కూర్చోలేకపోయాను. ఫలితం డాక్టరు గారే వచ్చి చెబుతారనీ, చెప్పకుండా పోనివ్వననీ అన్నాను. మాత్ర తనంతట తాను ఆపొద్దనీ, తల తిరుగుతున్న సంగతి మాత్రం క్లినిక్‌లో ఇవాళే చెప్పమనీ అన్నాను. గల్లీలోకి వచ్చి వాసంతి గారికి ఫోన్ చేశాను. ఆవిడ రెండో మాటకు తావివ్వలేదు. "ఆవిడ క్షేమం ముందండీ, మన ప్రాజెక్టు తర్వాత. డాక్టరు గారికి ఇప్పుడే చెప్పేయండి."

చెప్పాను. యాదగిరి గారు అంతా విని, రికార్డులు చూసి చెబుతానని ఫోన్ పెట్టేశారు. సాయంత్రం ఆయనే చేశారు.

"ఆమెకు పోయింది ఉత్త మాత్రమ్మా."

ఈ మాట తానే వెళ్లి చెప్పాలన్నారు.

మర్నాడే నాతో పాటు షహనాజ్ బేగం ఇంటికి వచ్చారు. కోడలు వేసిన కుర్చీలో కూర్చోకుండా మిషన్ ముందున్న స్టూలు లాక్కుని ఆమెకు దగ్గరగా కూర్చున్నారు. ముందు చేయి చూశారు, కాళ్లు చూశారు. ఆ తర్వాత, ఏ కష్టమైన మాటా వాడకుండా, మొత్తం చెప్పారు. షహనాజ్ బేగం మొదట నమ్మలేదు.

"మరి నాకు మంట తగ్గింది గద సాబ్. నేను అబద్ధం చెప్పిన్నా?"

"లేదమ్మా. నీకు తగ్గింది నిజమే. అప్పుడు రమ్మన్న రోజు తప్పకుండ వస్తుంటివి, కాళ్లు చూస్తుంటిమి, షుగర్ చూస్తుంటిమి. నయమైతదన్న నమ్మకం నీకుండె. మంట తనంతట తాను గూడ పెరుగుతది, తగ్గుతది. గోలీల మందు లేకున్నా మనిషికి జర నెమ్మది దొరుకుతది."

ఆమె కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"ఈ ముచ్చట అప్పుడే చెప్తే నేను గా గోలీ కావాలని అడగకపోదును గద."

"అడగకపోదువు. తప్పు నాదే."

కోడలు తెచ్చిన చాయ్ ఆయన ముందు అలాగే ఉంది. చాలాసేపటికి షహనాజ్ బేగమే, "తాగుండ్రి సాబ్, చల్లారుతది," అంది. ఆయన గ్లాసు తీసుకున్నారు. ఆ మాటలో క్షమాపణ ఉందో, ఇంటికొచ్చిన మనిషి పట్ల మర్యాద మాత్రమే ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడినుంచి క్లినిక్‌కు వెళ్లాం. ఆ డాక్టరు వయసులో చిన్నవాడు, శ్రద్ధ ఉన్నవాడు. తాను చదివిన అధ్యయనాలు మాకు తెరిచి చూపించాడు. అన్నీ మాత్ర బాగుందన్నవే. "ఉన్నవన్నీ చదివే రాశాను సార్," అన్నాడు. అందులో దబాయింపు లేదు, బాధే ఉంది. యాదగిరి గారు తల దించుకుని, "నువ్వు చదవాల్సింది నా దగ్గర ఉండె," అన్నారు.

ఆ డాక్టరు మాత్రను కొద్దికొద్దిగా తగ్గించి ఆపించాడు. తలతిరుగుడు తగ్గింది. మంట మునుపటికంటే పెరగలేదు. పడిపోవడానికి మాత్రే కారణమని ఖాయంగా చెప్పలేం, షుగర్ పడిపోయినా అలా జరుగుతుంది. ఆ మాట కూడా ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పారు. చేయి అతుక్కుంది. మణికట్టు పూర్తిగా తిరగదు. కత్తెర పని కోడలికి వదిలేసి, మిషన్ మీద మాత్రం తానే కూర్చుంటోంది.

యాదగిరి గారు పాత ఫలితాలను మళ్లీ రాయడానికి కూర్చున్నారు. వెతుకులాట నేను చేశాను, లెక్కలు మా గణాంక నిపుణుడు సరిచూశాడు. పంపిన చోట్ల నుంచి కొత్తదనం లేదని తిరిగొచ్చింది. ఈసారి ఆయన ఆగలేదు. రిజిస్ట్రీలో ఫలితం పెట్టించారు. చివరికి ఒక పత్రిక చిన్న నివేదికగా వేసుకుంది. అది రాగానే ఆ క్లినిక్ డాక్టరుకు తానే పట్టుకెళ్లి ఇచ్చారు.

నేను ఊహించనిది ఇంకొకటి చేశారు. పరీక్షలో పాల్గొన్న వాళ్లలో దొరికినంతమందికీ ఫోన్లు చేశారు. కొందరి నంబర్లు మారిపోయాయి. కొందరు కాలం చేశారు. ఒకాయన తిట్టి పెట్టేశాడట. ఎక్కువమంది మాత్రం మంట గురించి కాదు, తమకు వచ్చింది ఏ మాత్ర అని అడిగారట. ఉత్త మాత్ర అంటే కొందరు నవ్వారట. ఒకామె, ఇన్నాళ్లకైనా చెప్పారు కదా అని ఏడ్చిందట.

నివేదిక సారాంశం తెలుగులో రాసుకుని షహనాజ్ బేగం ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. తన పేరుందా అని అడిగింది. పేర్లు వేయరని, లెక్కలో ఆమె ఉందని చెప్పాను. ఇంకో పరీక్షకు ఎవరైనా పిలిస్తే వెళతారా అని అడిగాను. మిషన్ ఆపి ఆలోచించింది.

"పోత. నలుగురికి పనికొస్తదంటె ఎందుకు పోను? కానీ ముందుగాల్నే అడుగుత, ఏం తేలిందో నాకు చెప్తరా లేదా అని."

అంతకుముందు నాకు పబ్లికేషన్ బయాస్ అంటే పోగులో పడ్డ ఖాళీ, సరిచేయాల్సిన లెక్క. ఆ ఖాళీలో మనుషులుంటారనీ, వాళ్లు ఎవరూ చెప్పని ఫలితాన్ని తమకు తోచినట్టు ఊహించుకుని, ఆ ఊహ మీదే మందులు వేసుకుంటూ బతుకుతారనీ ఈ కేసుతో తెలిసింది. మందు పనిచేయలేదన్నది కూడా ఫలితమే. దాని మీద మొదటి హక్కు పత్రికది కాదు, తమ కాళ్లు చూపించిన వాళ్లది.

ఇప్పుడు నేను ఒక ఎథిక్స్ కమిటీలో సభ్యురాలిని. మొన్నీమధ్య ఒక యువ పరిశోధకుడు కొత్త పరీక్షకు అనుమతి కోసం మా ముందు కూర్చున్నాడు. మందు గురించి, మోతాదు గురించి చక్కగా చెప్పాడు. పాల్గొన్నవాళ్లకు ఫలితం ఎవరు చెబుతారని అడిగాను.

"రిజల్ట్ బాగా వస్తే మేడం..." అని మొదలుపెట్టాడు.

"రాకపోతే?" అన్నాను.

అతను చేతిలో కాగితాలు తిప్పాడు, పక్కనున్న తన ప్రొఫెసర్ వైపు చూశాడు. ఎవరమూ మాట అందించలేదు. అతను జవాబు చెప్పేదాకా అందరం ఆగాం.