ఫోనెత్తిన సారు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. నేను కాలాన్ని ఫోన్లతో లెక్కపెట్టే మనిషిని కాబట్టి, ఇప్పుడున్న ఫోన్‌కు ముందు ఫోన్ నాటి సంగతి. రోజూ పొద్దున పటాన్‌చెరులో కంపెనీ బస్సెక్కి జిన్నారం వైపున్న మందుల ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. అక్కడి ల్యాబులో మాత్రల నమూనాలు పరీక్షించడం నా ఉద్యోగం. మా ఇంట్లో మెడలో ఐడీ కార్డు వేసుకుని గడప దాటిన మొదటి మనిషిని నేనే కావడంతో, ఆ కార్డు ఆదివారం కూడా తీయబుద్ధయ్యేది కాదు. (కూరగాయల కోసం కూడా దాంతోనే వెళ్లానని అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను.)

ఆ కార్డు తర్వాత నాకు అంత ఇష్టమైనది ఫోన్. ఎక్కడో విదేశాల్లో ఒక పెద్ద కంపెనీ వాళ్లు ఏడాదికోసారి స్టేజీ ఎక్కి కొత్త ఫోన్ చూపిస్తారు కదా, తెల్లారేసరికి మా బస్సంతా అదే చర్చ. మాలో దాన్ని కొనేవాళ్లెవరూ లేరు, అయినా మా ఇంట్లో పెళ్లిలాగే మాట్లాడుకునేవాళ్లం. ల్యాబులో మా సీనియర్ ఒకాయన ఉండేవాడు. కెమెరా గురించి చెప్పినా, అద్దం గురించి చెప్పినా చివరిదాకా ఓపిగ్గా విని, "గవన్ని సరే గని, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తదంట?" అని అడిగేవాడు. అందుకని ఆయన పేరు బ్యాటరీ అన్న అయిపోయింది.

ఆ ఏడాది మాత్రం నాకు నిజంగానే పండగ వచ్చింది. నా దగ్గరున్నది ఆ కంపెనీదే, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఫోన్. కొత్త ఫోన్ కొనకపోయినా, కొత్త సాఫ్ట్‌వేర్ పాత ఫోన్లకు కూడా ఇస్తామని ప్రకటించారు. దాంట్లో ఒక విశేషం ఉంది. తెలియని నంబరు నుంచి ఎవరైనా చేస్తే ఫోనే ఎత్తి, మీ పేరేమిటి, ఏం పని మీద చేశారు అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది రాసి మనకు చూపిస్తుంది. బ్యాటరీ అన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇంటికి ఫోన్ జేసినోన్ని ఏం పని మీద జేసినవ్ అని అడుగుతమా? మా మామకు గిట్ల జరిగితే మల్ల మా గడప తొక్కడు."

"కాలం మారిందన్నా," అన్నాను నేను, చాలా కాలం చూసినదానిలాగా. ఆ సాయంత్రం బస్సు దిగేలోపే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. దానికి తెలుగు ఇంకా రాదట, హిందీ పెట్టాను. ఆడగొంతు కావాలా మగగొంతు కావాలా అని అడిగితే మగగొంతే ఎంచుకున్నాను. సదాశివపేట దిక్కు ప్లాట్లు కొనమని రోజూ ప్రాణం తీసేవాళ్లు ఆ గొంతు వింటే జడుసుకుంటారని నా ఆశ. నిజంగానే పెద్ద ఆఫీసరు మాట్లాడినట్టు ఉండేది.

అప్పటికి నాకు సంబంధం ఖాయమైంది. అబ్బాయిది సంగారెడ్డి. నచ్చాడు. (ఇప్పటికీ అప్పుడప్పుడూ నచ్చుతుంటాడు.) ఒక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. సంబంధం మాటల్లో, పెళ్లయ్యాక నా ఉద్యోగం ప్రస్తావన వచ్చినప్పుడు వాళ్లమ్మ "ఆ ముచ్చట తర్వాత సూద్దాం" అని టీ కప్పు అందుకుంది. మా పెద్దనాన్న కూతురి ఉద్యోగం అలాంటి 'సూద్దాం'లోనే పోయింది. గట్టిగా అడుగుదామంటే అమ్మ "కుదిరిన సంబంధం, నువ్వు నోరు తెరవకు" అంది. తెరవలేదు. ల్యాబులో గాజు సీసా కడుగుతున్నా ఇదే ఆఖరుసారేమో అనిపించి కళ్లు చెమర్చేవి.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీ అయ్యాక లాకర్లోంచి ఫోన్ తీస్తే, ఎవరిదో కొత్త నంబరు, కింద ఇంత పొడుగు రాత. అవతలివాళ్లు మాట్లాడిన తెలుగును ఈ హిందీ మహానుభావుడు తనకు తోచినట్టు రాసిపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, మధ్యమధ్య 'సార్, సార్' అని మాత్రం ఉంది. ఇంతగా బతిమాలేది ప్లాట్లవాళ్లే అని తేల్చుకుని, నంబరును హాయిగా బ్లాక్ చేశాను.

రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నీ ఫోన్ ఎవడో మొగోడు ఎత్తిండంట. ఎవడే వాడు?"

అబ్బాయి వాళ్లమ్మ ఫోన్ రిపేరుకిచ్చి, తన తమ్ముడి ఫోన్ నుంచి చేసిందట. మళ్లీ చేస్తే అసలు కలవనే లేదట. ఆదివారం వచ్చి మాట్లాడతానని కబురు పెట్టింది. అది నాలుగు నోళ్లు మారి అమ్మకు చేరేసరికి అందులో మగగొంతు ఒక్కటే మిగిలింది. నేను సాఫ్ట్‌వేర్ సంగతి మొదటి నుంచి చెప్పాను. "ఫోనే ఫోనెత్తుతదా? ఎవలకు జెప్తున్నవే?" అంది అమ్మ. చూడమని అమ్మ ఫోన్ నుంచే నా నంబరుకు కొట్టి చూపించాను. అమ్మది తెలిసిన నంబరు కదా, మహానుభావుడు నోరు మెదపలేదు. ఫోన్ మామూలుగా మోగుతూ ఉంటే అమ్మ నా మొహమే చూస్తూ నిలబడింది.

ఆదివారం ఆమె ఒక్కతే వచ్చింది. నీళ్లు తాగింది, టీ తాగింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. సంబంధం పోతుందనే అనుకున్నాను.

"వదినె, నాకు మస్తు కోపమొచ్చింది," అంది ఆమె మా అమ్మతో. "పిల్ల మీద గాదు, వాళ్ల సారు మీద."

అమ్మ బిత్తరపోయింది.

"ఎంగేజ్‌మెంట్ చీర పిల్లను వెంటబెట్టుకొని కొందామని ఫోన్ జేసిన. సారు ఎత్తిండు. పేరేంది, ఏం పని అని హిందీల అడిగిండు. డ్యూటీ టైంల చేసుడు నాదే తప్పని, నమస్తే సార్ అని మన ముచ్చటంత చెప్పిన. ఒక్క పూట ఛుట్టీ ఇయ్యుండ్రి అని అడిగిన. ఉలుకు లేదు, పలుకు లేదు. నాకు భయమైంది. పెండ్లి కుదిరిందని పిల్లను పనిలకెళ్లి తీసేస్తడేమో అని, సార్, మా కోడలు పెండ్లయినంక గూడ మీ తాననే చేస్తది, పొద్దుగాల బస్సుకాడికి నేనే తోలుతా, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి అని చెప్పిన. దానిక్కూడ జవాబియ్యలే. షుక్రియా అని పెట్టేసిండు."

నేను ఇన్నాళ్లూ వినాలనుకున్న మాట అదే. కానీ ఆమె మాటిచ్చింది లేని మనిషికి. ఆ సారు లేడని చెబితే మాట కూడా ఉండదేమోనని భయం వేసింది. చెప్పకపోతే, ఫోనే ఎత్తిందన్న నా మాట అమ్మ దృష్టిలో అబద్ధమైపోతుంది. చెప్పేశాను.

ఆమె నా ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే గంతసేపు నేను మిషిన్‌ను బతిమాలిన్నా?"

"అవును అత్తమ్మా."

"కూసొని గాదు బిడ్డ. లేసి నిలవడి మాట్లాడిన."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వింది అత్తమ్మే, కళ్లలో నీళ్లొచ్చేదాకా. నాకు మాత్రం నవ్వు రాలేదు. "మరి సారుతోని చెప్పిన మాట..." అని సగంలో ఆగిపోయాను.

"ఏం మాట?"

"పెండ్లయినంక బస్సుకు తోలుతనన్నది."

ఆమె నవ్వు ఆపి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "అవతల మిషిన్ ఉంటేంది బిడ్డ, అన్నది నేను గద. ఆ బస్సు మా దిక్కు వస్తదో రాదో తెలుసుకొని చెప్దామని అప్పుడు సూద్దామన్న. మనసుల గింత పెట్టుకున్నదానివి, నన్ను ఒక్క మాట అడగొద్దా?"

ఇప్పుడు సంగారెడ్డిలోనే బస్సెక్కుతున్నాను. కొత్త ఫోన్ల ప్రకటనలు ఏటా వస్తూనే ఉన్నాయి. మునుపటిలా ఎగబడటం లేదు గానీ, విన్నప్పుడల్లా ఆనాటి పిల్ల గుర్తొస్తుంది. ఊరూ పేరూ తెలియనివాళ్లందరినీ ఏం పని మీద చేశారని అడిగించింది గానీ, ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయింది. తలచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికి తీసుకుని తల నిమరాలని కూడా అనిపిస్తుంది.