గుర్రప్పిల్లను చూడబోయిన ఆదివారం

పెళ్లిచూపులకు పోయినట్టే పోయాం. స్కూటర్ నేను నడుపుతుంటే వెనక మా ఆయన, ఆయన ఒడిలో ఒక స్టీలు పళ్లెం, గరిటె. కొండాపూర్ అవతల ఒక పల్లెలో రెండేళ్ల ఆడ గుర్రప్పిల్ల ఉందని, దాన్ని ఇంకా ఎవరూ ఎక్కలేదని, కళ్లెం కూడా పెట్టలేదని, బ్యాండు మేళం మనిషి ఒకాయన ఫోటో తెచ్చి చూపించాడు. అప్పటినుంచి ఈయనకు కుదురు లేదు.

సంగారెడ్డిలో మాది మామగారి నాటినుంచి పెళ్లిగుర్రం ఉన్న ఇల్లు. బరాత్ ఉందంటే మా కొట్టానికే వచ్చేవాళ్లు. మా ఆయన పటాన్‌చెరులో ఒక కంపెనీలో రేకులు కొట్టే మెషిన్ దగ్గర పనిచేస్తూనే, ముహూర్తాల రోజుల్లో సెలవు పెట్టి గుర్రాన్ని నడిపించేవారు. ఇరవై ఏళ్లలో ఆ మెషిన్ ఆయన చెవులను తినేసింది. చెవి మిషన్ కొనిపెట్టాను. ఈల వేస్తోందని తీసి డబ్బాలో పెట్టేశారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. వెనకనుంచి పిలిస్తే గోడను పిలిచినట్టే. నేను టీచర్ని. బడిలో నలభైమంది పిల్లలు ఒక్క కేకకు తిరుగుతారు. ఇంట్లో ఒక్క మనిషిని పిలవాలంటే మాత్రం చుట్టూ తిరిగి ఆయన ముందుకెళ్లి నిలబడాలి. దానికి నాకు మండిపోయేది. కోపమనే చెప్పుకునేదాన్ని గానీ, అది ఏడుపే.

పోయిన వానాకాలంలో మా ముసలి గుర్రం చనిపోయింది. ఆ తర్వాత ఆయన నా పెదవులు చూడడం కూడా తగ్గించారు. పొద్దున్నే లేచి ఖాళీ కొట్టం ఊడ్చి వచ్చి కూర్చునేవారు. ఆయనకు గుర్రం కావాలి, నాకు తెలుసు. కానీ ఏ తర్ఫీదూ లేని పిల్ల, చెవులు వినబడని మనిషి. రోడ్డుమీద వెనకనుంచి లారీ హారన్ కొడితే అది ఉరుకుతుంది, ఈయనకేమో వినబడదు. ఏదో ఒక వంక పెట్టి వద్దనాలని నిశ్చయించుకునే బయల్దేరాను.

గుర్రప్పిల్ల పత్తిచేను గట్టున కట్టేసి ఉంది. బూడిదరంగులో ఉంది. "పెద్దగైనంక తెల్లగైతది అన్నా," అన్నాడు రైతు. మా ఆయన ముందుగా సుడులు చూశారు. గుర్రాలవాళ్లు చేసే మొదటి పని అదే. నుదుటి మీద, మెడ మీద వెంట్రుకలు ఎక్కడ సుడి తిరిగాయో వేలితో రాసి చూస్తారు. కంటి కింద సుడి ఉంటే అది కన్నీటి సుడి. అలాంటి గుర్రాన్ని ఏ పెళ్లికొడుకూ ఎక్కడు. ఉంటే బాగుండునని నేను లోలోపల మొక్కుకున్నాను. లేదు.

తర్వాత పళ్లెం. బరాత్‌లో డీజే మోత, పటాకులు ఉంటాయి కాబట్టి గుర్రం చప్పుడుకు ఎంత బెదురుతుందో ముందే చూసుకోవాలి. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఈయన తన చెవికి వినబడేదాకా కొట్టారు. చేలోని కొంగలన్నీ లేచిపోయాయి. పిల్ల ఒక్క గుంజు గుంజి, తాడు తెంపుకుని పత్తిలో పడింది.

"జెర మెల్లగ కొట్టరాదే అన్నా. గట్ల కొడితే నేనే ఉరుకుత," అన్నాడు రైతు.

ఆయనకు వినబడలేదు. నావైపు తిరిగి, "గట్టిగైందా?" అని అడిగారు. తల ఊపాను. పళ్లెం గట్టుమీద పెట్టేశారు. ఆ ముఖం చూడలేక నేను చేనుకేసి చూశాను.

రైతు పిల్లను పట్టుకొచ్చాడు. మంచివాడు, దాచలేదు. "వదినె, ఇది ఆకు రాలినా బెదురుతది. బరాత్‌కు పనికిరాదు," అన్నాడు నాతో. ఇక నా నోటితో వద్దనే పని తప్పిందనుకున్నాను. మా ఆయన మాత్రం చెయ్యి చాపి తాడు అడిగారు. "జెరసేపు తిప్పుకొస్త."

గట్టు వెంట నడిపించుకుంటూ పోయారు. దాని చెవుల వంకే చూస్తూ, అది ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ. ఎండ ముదిరింది. చాలా దూరంలో, నాకు వీపు చేసి నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లయినా నా నోటికి బుద్ధి రాలేదు. అలవాటుకొద్దీ కేకేశాను.

"ఏమయ్యా, ఇగ పోదాం పా."

పిల్ల ఎడమచెవి వెనక్కి తిరిగింది. ఆయన ఆ చెవిని చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"పిలిచినవా?"

వెనకనుంచి పిలిస్తే ఆయన తిరిగి చూసి ఎన్నేళ్లయిందో. చేత్తోనే అవునన్నాను. ఆయన నవ్వి, "ఇది చెప్పింది," అని పిల్ల చెవి చూపించారు.

లారీ సంగతి నేను మరిచిపోలేదు. అది బెదిరితే ఉరుకుతుంది, నిజమే. కానీ ఉరికే ముందు చెవి తిప్పుతుంది, ఈయన కళ్లు ఆ చెవుల మీదే ఉంటాయి.

"మేం తీస్కుంటం తమ్మీ," అన్నాను రైతుతో.

"పెండ్లిళ్లకు ఎల్లదు వదినె. ముందే చెప్తున్న."

"పెండ్లిళ్లకు కాదు."

రైతు నన్ను వింతగా చూసి కొత్త తాడు కోసం చేను పక్క గుడిసెలోకి పోయాడు. మా ఆయన మళ్లీ అటు తిరిగి పిల్ల మెడ నిమురుతున్నారు. చెప్పాల్సిందేమీ లేదు. అయినా ఇంకోసారి పిలిచాను.